చౌక కిట్టుతో చైన్‌సా: బిగించే ముందు

శేరిలింగంపల్లిలో సొంతంగా యంత్రాలు తయారుచేయాలన్న మోజు ఉన్నవారికి కొదవ లేదు. అలాంటివారి కోసమే 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రాన్ని తెరిచారు. ఇప్పుడు చెట్లు కోసే చైన్‌సా కూడా విడిభాగాల కిట్టుగా చౌకగా దొరుకుతోంది. బిగించే ముందు మాత్రం ప్రతి భాగాన్నీ పరీక్షించాలి.

మొదట సిలిండర్. లోపలి రంధ్రాల అంచులను వేలితో తడమండి. పదునుగా తగిలితే పిస్టన్ రింగు అక్కడ చిక్కుకుని విరుగుతుంది. రింగు ఒక్కదాన్నే సిలిండర్‌లోకి తోసి, దాని కొనల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. 50 మిల్లీమీటర్ల సిలిండర్‌లో కనీసం 0.2 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అంతకన్నా తక్కువైతే రింగు వేడికి వ్యాకోచించి పట్టేస్తుంది.

కనెక్టింగ్ రాడ్ పక్కలకు కాస్త కదిలితే ఫరవాలేదు. పైకీ కిందికీ ఆడితే, అది అమర్చి ఉన్న క్రాంక్ వద్దు. బేరింగులు గరగరలాడకూడదు. ఆయిల్ సీళ్లు, పెట్రోలు పైపు, పిస్టన్ పిన్ను క్లిప్పులు నాసిగా కనిపిస్తే మంచివి విడిగా కొనండి.

చైన్ బ్రేకు విషయంలో రాజీ వద్దు. ముందున్న గార్డును నెట్టగానే గొలుసు ఆగాలి. ఆగకపోతే ఆ యంత్రంతో చిన్న కొమ్మ కూడా కోయకండి.