మంచుబల్లల పట్టువిడుపులు



చిక్కడపల్లిలో కాపురముండువానికి మంచుబల్లలతో పనియేమి యని మీరనుకొనవచ్చును. మా పేటలో మంచు పండ్లరసపు దుకాణములందు తప్ప కానరాదు. అయితే ఇచటి నగర కేంద్ర గ్రంథాలయమునకును, అశోక్‌నగరు శిక్షణాలయములకును ఉద్యోగపరీక్షలకై మీ గ్రామములనుండి వచ్చు పిల్లలు మెండు. వారిలో ఏ కొందరో శీతకాలమున కాశ్మీరమందలి గుల్మార్గునకో, ఉత్తరాఖండమందలి ఔలీకో పోయి మంచుపై జారువిద్య నేర్వగోరుచున్నారు. నారాయణగూడలో నుండు అట్టి యొక పిల్లవాని తండ్రి, "కాళ్ళు విరుగునట గదా, పంపవచ్చునా?" యని నన్నడిగెను. గుల్మార్గున రెండు శీతకాలములు అభ్యసించినవాడను గనుక, ఆయనకు చెప్పిన సంగతులే మీకును విన్నవించెదను.

స్కీలనగా ముందుకొన పైకి వంగిన రెండు పొడవాటి సన్నని బల్లలు. పలువురు తీగెబండిలో కొండయెక్కి వీనిపై జారివత్తురు. కొందరు తమ కాళ్ళతోనే యెక్కుదురు. అందుకై బల్ల యడుగున వెనుకకు వాలిన రోమములుగల పట్టీ నంటింతురు; అది ముందుకు జారును, వెనుకకు జారదు. పూర్వమది సీలు అను సముద్రజంతువు చర్మము. నేడు మేకబొచ్చుతోగాని నైలానుతోగాని చేయుదురు.

బూటును బల్లకు పట్టియుంచు సాధనమునకు బైండింగని పేరు. ఎక్కునపుడు అది వ్రేళ్ళవైపు మాత్రమే పట్టి మడమను విడువవలెను. మన పెద్దలు తొడిగిన పాంకోళ్ళను తలచుకొనుడు: వ్రేళ్ళసందున గుబ్బ పట్టియుండగా మడమ లేచుచుండును గదా! దిగునపుడు మడమయు బిగియవలెను. ఇక మూడవ పని యన్నిటికంటె పెద్దది: పడినపుడు పాదమును వదలివేయుట. గుఱ్ఱమునుండి పడినవాని కాలు రికాబులో చిక్కినచో ఏమగునో మీకు తెలియును. ఇచటను అంతే, పొడవాటి బల్ల మెలివడినచో గడ్డపారవలె పనిచేసి కాలియెముకనో మోకాటి నరమునో త్రెంచును.

1929 ప్రాంతమున స్విట్జర్లాండువాడు గీడో రాయిగె ఇనుపతీగెతో మడమను బిగించు సాధనము చేసెను. దానికి కాందహారని పేరు. ఈ పేరు ఒక పందెపు బహుమతి మూలముగా ఐరోపా మంచుకొండలకు చేరినది. దాని పట్టు గట్టిదే గాని విడుపు లేదు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యాల్మర్ వామ్ అను ఆటగాడు 1937లో కాలు విరిగి ఆసుపత్రిలో పడియుండి, తానై విడివడు బిగింపును ఊహించి, 1939లో హక్కుపత్రము పొందెను. కొండయెక్కువారికి తగిన తేలికసాధనమును 1980ల దశకమున ఆస్ట్రియావాడైన ఫ్రిట్జ్ బార్తెల్ కల్పించెను. అందు బూటుముక్కున కిరుప్రక్కల గుంటలలో రెండు చిన్న ఉక్కుమొనలు దూరి పట్టుకొనును. నేడు ఎక్కువారిలో పెక్కుమంది వాడునది ఈ తీరుదే.

ఈ సాధనముపై అంకెలు చెక్కియుండును. ఎంత బలము తగిలిన అది విడువవలెనో ఆ అంకె తెలుపును. మనిషి బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగుపొడవు, నేర్పు చూచి దానిని నిర్ణయింతురు. ఏబది దాటినవారికి పట్టికయే ఒక మెట్టు తగ్గించును. ఇందులో చిన్నతనమేమియు లేదు. కుర్రవాండ్రు పోటీపడి అంకె పెంచుకొందురు. అది మగతనము గాదు, కట్టువైద్యునికి కబురంపుట. అంకెను పనితెలిసినవానిచేతనే పెట్టించుకొనవలెను.

బూటు మారినచో మడమబిగింపును జరిపి తీరవలెను. అద్దెసామానులతో పోవు మన పిల్లలకు ముఖ్యమైన జాగ్రత్త యిదియే. కొన్ని రకములలో మడమకును సాధనమునకును నడుమ కొన్ని మిల్లీమీటర్ల సందుండవలెను, కొన్నిట అసలుండరాదు. తయారుచేసినవారి పత్రమును చూచియే సరిచేయవలెను, కంటికొలత చాలదు.

మంచు మరియొక శత్రువు. ముందుబిగింపు స్ప్రింగుల క్రింద మంచు గడ్డకట్టినచో అది మూసికొన్నట్లే కనబడి, పూర్తిగా మూసికొనదు. కఱ్ఱమొనతో దానిని గీకి, బూటు గుంటలను తుడిచి, అటుపిమ్మట కాలుపెట్టి, మడమను పలుమార్లు ఎత్తి దింపవలెను. గుంటలో మిగిలిన మంచును మొనలే రాల్చివేయును.

ముందు ఒక మీట కలదు. ఎక్కునపుడు బల్ల ఊడిపోకుండ దానిని పైకి లాగి బిగింతురు. దిగబోవునపుడు తప్పక దింపవలెను. మరచినచో మొనలు విడువవు. మంచుచరియలు విరిగిపడు చోట బిగించిన బల్లలు మనిషిని లోనికి లాగునని కూడ చెప్పుదురు. జారిపడిన ప్రాణమే పోవు నిట్రపువాలులలో ఆరితేరినవారు తెలిసియే బిగించుకొందురు. అది మన పిల్లలకు వలదు. అన్నియు సరిగా నున్నను మోకాలికి పూర్తి రక్షణ యున్నదని యెవరును హామీ యీయజాలరు; విక్రయించువాడు ఇచ్చినచో నమ్మకుడు.

నిట్రపు ఎక్కుడులో మడమక్రింద ఎత్తుపీట వంటి చిన్నముక్కను లేపుకొన్నచో పిక్కలకు సుఖము. చివరకు, ఊడిన బల్ల కొండదిగువకు పరుగెత్తి క్రిందివారిని గ్రుచ్చకుండ అడ్డుకొనుటకు బ్రేకుగాని, కాలికి కట్టు పట్టెగాని యుండవలెను. బయలుదేరకమునుపే సమతల మైదానమున నిలిచి, ఆ బ్రేకు దిగుచున్నదా, మీట కదలుచున్నదా యని పిల్లవానిచేత చేయించి చూడుమని, శిక్షకునికి ముందుగానే ఒక కార్డు వ్రాయుడు.