కరుణకు వెల కట్టరాదు



క్రైస్తవ విశ్వాసములో కరుణకు గల స్థానమును గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిని. యేసు ప్రభువు చెప్పిన సమరయుని కథ మీలో పలువురు వినియే యుందురు. యెరికోకు పోవు త్రోవలో దొంగలచే కొట్టబడి కొన ఊపిరితో పడియున్న వానిని ఒక యాజకుడు చూచెను, ఒక లేవీయుడు చూచెను. ఇరువురును ప్రక్కగా తొలగిపోయిరి. యూదులు పొత్తు చేయని సమరయుడు మాత్రము ఆగెను. గాయములు కట్టెను, తన వాహనముపై నెక్కించి పూటకూళ్ల యింటికి చేర్చెను, రెండు దేనారములు ముందుగా చెల్లించెను. దేనారమనగా ఆ కాలమున కూలివాని ఒకనాటి కూలి.

ఇందు నాకు ముఖ్యముగా తోచునది యొకటి గలదు. నీ జాతి యేదని అతడు అడుగలేదు. లేచి తిరిగిన పిమ్మట మా గుడికి రావలెనని షరతును పెట్టలేదు.

ఇట్టి కరుణ మన తెలుగు నేలపైనే యొకప్పుడు పరీక్షకు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన గొప్ప కరవును, ధాత కరవని పెద్దలు చెప్పుకొనుదానిని, మీరు వినియుందురు. 1866 నుండి ఒంగోలులో పనిచేయుచుండిన అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ దినములలో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత పనిని కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. పనిచేసినవారిలో మాదిగ సోదరులు అనేకులు. వారిలో పలువురు బాప్తిస్మము కోరిరి. దొర ఒప్పుకొనలేదు. అన్నము పెట్టు చేయియే మతము నిచ్చు చేయి యైనచో, ఆకలిగొన్నవాడు కాదనగలడా? కావున కరవు సాయము సాగినంత కాలము, ఏడాదికి పైగా, బాప్తిస్మములను ఆపివేసెను.

సాయము ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనుష్యుల హృదయములను దేవుడే యెరుగును. దొర తన వంతు చేసెను. గింజను, విశ్వాసమును ఒకే త్రాసులో వేయలేదు.

కృతజ్ఞత లేనివారికి చేసిన మేలు ఇసుకలో పోసిన నీరని కొందరందురు. అయితే మత్తయి సువార్తలోని తీర్పుదినపు బోధను తలచుకొనుడు. ఆకలిగొన్నవానికి అన్నము, పరదేశికి చోటు, రోగికి పరామర్శ ఇచ్చినవారిని రాజు మెచ్చుకొనును. వారు ఆశ్చర్యపడుదురు, తాము ప్రభువునకే చేసితిమని వారెరుగరు. ఫలము కోరక చేసినందుననే అది కరుణ యైనది.

కావున పెద్దలారా, మీ గ్రామములో మంచమున పడిన వృద్ధురాలు ఎవరు? వ్యాధిచేత ఇరుగుపొరుగువారికి దూరమైనవాడు ఎవడు? పంట పోయి, అప్పు అడుగుటకును నోరు రాని ఇల్లు ఏది? మీకు తెలియును. ఆ వాకిట నిలుచునప్పుడు వారు మన సంఘమువారా, పరులా యని లెక్కింపకుడు. ఇచ్చినదానిని నలుగురిలో చాటకుడు. రేపు వారు మన మాట వినవలెనని ఆశింపకుడు. వెల కట్టిన కరుణ బేరమగును. బేరము చేయుటకు అంగడి చాలును, విశ్వాసముతో పని లేదు.