కారు కడిగించుటకు ఏ చోటు మంచిది?

కారు కొనునప్పుడు పది దుకాణములు తిరిగి, నలుగురిని అడిగి, పొరుగువారి అనుభవము కూడ తెలిసికొని గాని మనము ముందడుగు వేయము. అదే కారును కడిగించుటకు మాత్రము, 'వాటర్ సర్వీసింగ్' అను బోర్డు దారిలో ఎక్కడ కనబడిన అక్కడికి తోలుకొని పోవుదుము. నేనును చాలకాలము అట్లే చేసితిని. ఒకనాటి సంగతి చెప్పినచో ఈ ప్రసంగమునకు నేనెందుకు పూనుకొంటినో శ్రోతలకు బోధపడును.

మూడేండ్ల క్రిందట ఒక ఆదివారము ఉదయము ఊరి చివర ఒకచోట కారు కడిగించితిని. చక్రములు, తలుపుల అంచులు, లోపలి మ్యాట్లు అన్నియు నిగనిగలాడినవి. సంతోషముతో ఇంటిదారి పట్టితిని. పల్లములోనికి దిగుచుండగా ఒక పిల్లవాడు సైకిలుతో అడ్డము వచ్చెను. బ్రేకు త్రొక్కితిని, పాదము జారిపోయెను. రెండవసారి త్రొక్కగా బండి ఆగినది. పిల్లవానికిని బండికిని నడుమ జానెడు దూరము మాత్రమే మిగిలినది. ఇంటికి వచ్చి చూడగా, టైర్లకు పూయు పాలిష్‌ను ఆ పనివాడు ఉత్సాహముకొద్దీ పెడల్ రబ్బరుకు కూడ పూసియున్నాడు. అతనిది దురుద్దేశము కాదు. మెరిసినదెల్ల శుభ్రమైనదని అతనికెవరో నేర్పినారు. నాకును అంతవరకు అదే అభిప్రాయము.

నాటినుండి మంచిచోటు వెదకసాగితిని. మొదట చూడవలసినది నీరు. హైదరాబాదు చుట్టుపట్ల చాలచోట్ల బోరునీటిలో సున్నపు ఉప్పులు అధికము. అట్టి నీరు ఎండకు వేడెక్కిన రేకుమీద ఆరినచో తెల్లని చుక్కలు మిగులును. ఊరక తుడిచినంత మాత్రమున అవి పోవు. కనుక నీడలో, రేకు చల్లబడిన పిమ్మట కడిగి, తడి ఆరకమునుపే తుడుచువారిని ఎంచుకొనవలెను. షెడ్డు లేని చోటికి నేను పోను.

పిమ్మట గుడ్డ. కారు పెయింటు పొరలన్నియు కలిసి సాధారణముగా మిల్లీమీటరులో పదవవంతుకు కొంచెము అటునిటుగా ఉండును. మెరుపునిచ్చు పై పొర అందులో సగమైనను ఉండదు. దుమ్మును ముందుగా నీటితో జారవిడువక మురికిగుడ్డతో రుద్దినచో, ఇసుకరేణువులు గరుకుకాగితమువలె పనిచేయును. సాయంకాలపు ఎండలో నల్లకారును ఏటవాలుగా చూచినచో సాలెగూటివంటి సన్నని గీతలు కనబడును. అవి చాలవరకు రోడ్డుమీద వచ్చినవి కావు, కడుగుటలో వచ్చినవే. తిరుగుడు బ్రష్షుల యంత్రములు వేగముగా పనిచేయును గాని, ముందటి కారు బురద ఆ బ్రష్షులలో నిలిచినచో ఫలము మీ కారు అనుభవించును.

మీ వంతు వచ్చుటకు ముందు పదినిమిషములు నిలబడి, ఇతరుల కారు ఎట్లు కడుగుచున్నారో చూడుడు. చక్రములు తుడిచిన గుడ్డతోనే అద్దములు తుడుచుచున్నచో తిరిగి వచ్చుటయే మేలు. బట్టల సబ్బుపొడి కలిపిన బకెట్టు కనబడినను అంతే. పనివారికి బూట్లు, చేతొడుగులు ఇచ్చినారా లేదా అనునది కూడ నేను చూతును. మనిషి చర్మమును గురించి ఆలోచింపని యజమాని కారు రంగును గురించి ఆలోచించునని నాకు నమ్మకము లేదు.

"ఇంజను కూడ కడుగమంటారా సార్?" అని అడుగుదురు. వలదనుడు. నేటి కార్లలో ఇంజను చుట్టును తీగలు, సెన్సర్లు, ఫ్యూజులు నిండియుండును. ఒత్తిడితో కొట్టిన నీరు వానిలో దూరినచో మరునాడు బండి మొరాయించును. అడుగుభాగమునకు డీజిలు కొట్టు అలవాటు కొన్నిచోట్ల ఇంకను ఉన్నది. దానివలన రబ్బరు బుష్షులు ఉబ్బి పాడగును. అడుగుభాగపు బురదకు మంచినీరు చాలును.

ఇక నీటి ఖర్చు. పైపుతో ధారాళముగా కడిగినచో ఒక్క కారుకు నూరు లీటర్లు దాటుట సులభము. 2024 మార్చిలో నీటి ఎద్దడి సమయమున బెంగుళూరు జలమండలి త్రాగునీటితో వాహనములు కడుగరాదని నిషేధించి, అతిక్రమించువారికి 5000 రూపాయల జరిమానా ప్రకటించినది. బేసిన్లవంటి తొట్లు కట్టి, ఇసుకయు నూనెయు వేరుపరచి, ఆ నీటినే మరల వాడుకొను చోట్లు మనకును ఉన్నవి. కడిగిన నీరు ఎక్కడికి పోవుచున్నదని నేను ముగ్గురు యజమానులను అడిగితిని. ఇద్దరు విసుగుకొనిరి. మూడవవాడు తొట్టి మూత తీసి చూపెను. ఇప్పుడు దూరమైనను అతని వద్దకే పోవుచున్నాను; ధర కొంచెము హెచ్చే.

అక్కడను, బయలుదేరుటకు ముందు పెడళ్లను పొడిగుడ్డతో నేనే తుడుచుకొందును. తడిసిన బ్రేకులు మొదట కొంత మందగించును. అందుచేత గేటు దాటిన పిమ్మట నెమ్మదిగా పోవుచు రెండుమూడుసార్లు త్రొక్కి చూచి, అటుపిమ్మటనే రోడ్డెక్కుదును.