12 వోల్టుల దీపమునకు మత్తడి

మృగశిర కార్తె ప్రవేశించు దినములలో మొగుళ్లపల్లి ప్రాంతపు పత్తిచేలపై ఉరుములతో వాన కురియుట పరిపాటి. ఆ రాత్రి పొలములోని సౌరదీపము ఆరిపోయినచో, దానిపై పిడుగు పడినదనుకొందుము. తరచుగా జరుగునది వేరు. దూరమున మెరసిన మెరుపు పొడవైన తీగలలో అధిక వోల్టేజిని పుట్టించును. అది నిలుచునది రెప్పపాటుకంటె తక్కువ కాలమే యైనను, ఛార్జి కంట్రోలరును మాడ్చుటకు చాలును.

దీనిని అడ్డుకొను చిన్న పరికరము టీవీయస్ డయోడు. కాకతీయుల నాటి చెరువులున్న సీమలో దీనిని వివరించుట సులభము. ఇది చెరువుకు మత్తడివంటిది. నీరు హద్దులో నున్నంతవరకు మత్తడి కదలదు. హద్దు దాటిన నీటిని పక్కకు పంపి కట్టను కాపాడును. మత్తడి నిండు నీటిమట్టమునకు దిగువ నుండరాదు, కట్టకు ఎగువ నుండరాదు. డయోడు ఎంపికలోని రహస్య మంతయు ఇదియే.

బ్యాటరీపై 12 వోల్టులని వ్రాసియుండును. దానిని నమ్మి 12 వోల్టుల డయోడును కొనరాదు. ఛార్జి యగునపుడు సీసపు బ్యాటరీ 14.4 వోల్టుల వరకు పోవును. 12 వోల్టుల రకము 13.3 వోల్టులనుండియే తెరచుకొనవచ్చును గనుక, ప్రతిదినము వేడెక్కి చెడును. కావున బ్యాటరీవైపు 15 వోల్టుల రకము తగినది. ఎస్‌ఎంబీజే 15ఏ అను రకము 16.7 వోల్టులకు లోపల తెరచుకొనదు.

అయితే వరద పెరిగినకొలది మత్తడిమీద నీరు ఎత్తుగా పారును గదా! అట్లే సుమారు 24.6 ఆంపియర్ల తాకిడిలో ఈ డయోడు వద్ద వోల్టేజి 24.4 వరకు లేచును. దీనినే క్లాంపింగ్ వోల్టేజి యందురు. 35 వోల్టుల వరకు ఓర్చు 7805 రెగ్యులేటరు అప్పుడు క్షేమముగా నుండును. 20 వోల్టులకే చెడు పరికరమునకు మాత్రము ఈ డయోడు రక్షణ కాదు.

సౌరఫలకమువైపు లెక్క వేరు. 12 వోల్టుల ఫలకమని పిలుచు దానిలో సాధారణముగా 36 ఘటము లుండును. బ్యాటరీ కలుపనపుడు అది సుమారు 22 వోల్టు లిచ్చును. చలి ఉదయములలో ఇంకను పెరుగును. అచ్చట 24 వోల్టుల రకము కావలెను. దాని క్లాంపింగ్ వోల్టేజి 38.9 గనుక, కంట్రోలరు అంతకు మించి ఓర్చునో లేదో ముందుగా చూచుకొనవలెను.

600 వాట్లను అంకెను చూచి మోసపోరాదు. అది మిల్లీసెకనులో సగమునకు తగ్గిపోవు తాకిడికి, 25 డిగ్రీల వేడిలో చెప్పిన శక్తి. ఎండకు కాగిన పెట్టెలో అది తగ్గును.

అమర్చునపుడు తీగలు పెట్టెలో ప్రవేశించుచోటనే, కాళ్లు పొట్టిగా నుంచి, గీత యున్న కొనను ప్లస్‌కు కలుపవలెను. భారము మించిన డయోడు సాధారణముగా షార్టయి పోవును. కావున బ్యాటరీకిని దానికిని నడుమ ఫ్యూజు లేనిచో తీగలే అంటుకొనవచ్చును.

నేరుగా పడు పిడుగును ఈ చిన్న వస్తువు ఆపజాలదు. కాని హద్దు లెరిగి ఎన్నుకొన్నచో, కొద్ది రూపాయలతో వానకాలపు రాత్రి రైతు త్రోవకు వెలుగు మిగులును.