వాగు చేప మీద మన హక్కు, మన పూచీ

ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మన సభల్లో అడవి హక్కులంటే పోడు పట్టాల దగ్గరే ఆగిపోతాం. ఇవాళ నేను వాగు గురించి, చేప గురించి మాట్లాడతాను.

మన తాతల కాలంలో గోదావరికి ఆ ఒడ్డున భద్రాచలం మద్రాసు సర్కారు కింద, ఈ ఒడ్డున పాల్వంచ నిజాం సర్కారు కింద ఉండేవి. తర్వాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977లో 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం, మరుసటి ఏడాది పాపికొండల అభయారణ్యం ఏర్పడ్డాయి. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. 2014లో పోలవరం కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మన వియ్యాలవారి ఊళ్ళు ఒక రాష్ట్రంలో, మనం ఇంకో రాష్ట్రంలో. చేపకు మాత్రం ఈ హద్దు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ కాపలా వల్ల మేలే జరగలేదని నేను అనను. కిన్నెరసానిలో మొసళ్ళు, చుట్టూ అడవిలో దుప్పులు, కణుజులు మిగిలాయంటే అదీ ఒక కారణమే. కానీ వల భుజానేసుకున్న మనిషినీ, దుప్పికి ఉచ్చు పెట్టిన మనిషినీ ఒకే కంటితో చూస్తేనే బాధ. పిల్లలకు కూరకని నాలుగు జెల్లలు పట్టుకునే మనిషి చెట్ల చాటున నక్కాల్సిన పనేముంది?

2006 అటవీ హక్కుల చట్టం తీసి చదవండి. సెక్షన్ 3(1)(డి)లో చేపలు, నీటివనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తులు సామూహిక హక్కు అని రాసి ఉంది. అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. రెండు పేజీలు తిప్పితే సెక్షన్ 5 ఉంది. వన్యప్రాణిని, అడవిని, నీటివనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మొదటిది అడిగినవాళ్ళు రెండోది మోయాలి.

ఇక్కడ మీకు కోపం వచ్చే మాట చెప్తాను. మడుగులో బ్లీచింగ్ పౌడర్, పురుగుమందు కలుపుతున్నది బయటివాళ్ళు మాత్రమే కాదు. విషంతో, పేలుడు మందుతో చేపలు పట్టడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. తాతలు మంగకాయ దంచి వేసేవారు కదా అంటారు. ఆ కాయకూ ఈ డబ్బా మందుకూ పోలికా? కింద ఊళ్ళో పశువులు తాగేదీ ఆ నీళ్ళే. తొలకరిలో చేప గుడ్లు పెట్టడానికి వాగుకు ఎదురెక్కుతుంది. అప్పుడే అడ్డంగా దోమతెర కడితే పిల్ల కూడా మిగలదు. మత్స్యశాఖ వాళ్ళు చెరువుల్లో, జలాశయాల్లో బొచ్చె, రోహు పిల్లలు వదులుతారు. మన వాగులో జెల్లకు, మట్టగిడసకు ఆ బండి రాదు.

కాబట్టి వచ్చే గ్రామసభలో రెండు పనులు పెట్టండి. విషం, దోమతెర వద్దని, గుడ్ల కాలంలో ఫలానా మడుగు జోలికి పోవద్దని తీర్మానం ఒకటి. సామూహిక హక్కుల కోసం ఫారం-బి రెండోది. దానికి ఊరి పెద్దల వాంగ్మూలం రాసిపెడితే అదీ సాక్ష్యమే. ఏ మడుగు పేరేంటో, ఏ గొంది దగ్గర ఎవరి తాత వెదురు మావు పెట్టేవాడో మన అవ్వలకు ఇంకా గుర్తుంది. ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ళ పక్కన కూర్చుని రాసుకోండి. ఫారం కాగితాలు ఆ బల్ల మీద పెట్టాం, ఊరికి రెండేసి తీసుకెళ్ళండి.