ఇంటి యంత్రములు – మరమ్మతుల బెడద

పూర్వము మన వీథులలో మూడు కేకలు తరచుగా వినబడుచుండెడివి. తిరుగలికి కక్కు కొట్టుదుమని ఒకరు, పాత్రలకు కళాయి పూయుదుమని ఒకరు, బిందెలకు మాట్లు వేయుదుమని మరియొకరు కేక వేయుచు వచ్చెడివారు. ఆ పనివారు మన అరుగుమీదనే కూర్చుండి మన కన్నుల యెదుటనే పని చేసెడివారు. కూలి ఎంతయో బేరములోనే తేలిపోవును. పని కుదిరినదో లేదో బిందెలో నీళ్ళు పోసి చూచిన అప్పుడే తెలియును. చెడిన వస్తువును బాగుచేసికొనుట అనునది నాటి సంసారములో ఒక సహజమైన పని. దానికై ఎవరును నిట్టూర్చియుండరు.

నేడు రోలు, తిరుగలి ఉన్నచోట మిక్సీ, గ్రైండరు వచ్చినవి. నీళ్ళ కాగు స్థానమున గీజరు, చలువ కుండ స్థానమున రిఫ్రిజిరేటరు, చాకిరేవు స్థానమున బట్టలుతుకు యంత్రము వచ్చినవి. సామాన్యమైన ఇంటిలోనే ఎనిమిది, పది విద్యుద్యంత్రములు ఉండుచున్నవి. వీనిని నిందించుట మా ఉద్దేశము కాదు. తెల్లవారుజామున లేచి పొత్రము త్రిప్పిన చేతులకు ఇవి ఎంత విశ్రాంతి నిచ్చినవో ఏ ఇంటి పెద్దల నడిగినను చెప్పుదురు. యంత్రము చెడుటయు వింత కాదు. తిరుగునది అరుగును, కాగునది కాలును. మా బాధ వేరొకచోట ఉన్నది. చెడిన వస్తువు బాగగు దారి నానాటికి ఇరుకగుచున్నది. ఆ దారిలో చెల్లింపవలసిన సుంకము నానాటికి పెరుగుచున్నది.

మా ఇంట జరిగినదే ఒకటి చెప్పెదము. బట్టలుతుకు యంత్రము కొని రెండేండ్లు నిండి మూడవయేట అడుగిడినదో లేదో, ఒకనాటి ఉదయమున సగము నీటితో అట్లే నిలిచిపోయినది. కంపెనీవారికి ఫోను చేసితిమి. రెండు దినములకు ఒక యువకుడు వచ్చి, మూత విప్పకముందే పరీక్షా రుసుము ఇంతయని చెప్పెను. విప్పిన పిదప లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోయినదనెను. బోర్డులో ఏ భాగము పోయినదని అడిగితిమి. "అది మేము చూడమండీ, బోర్డు మొత్తం మార్చవలసిందే" అని సమాధానము. దాని వెల యంత్రము వెలలో ఇంచుమించు మూడవ వంతు. గ్యారంటీ కార్డు తీసి చూచితిమి. మోటారునకు పది సంవత్సరముల హామీ అని పెద్ద అక్షరములలో ఉన్నది. నిజమే, మోటారు చెడలేదు. చెడిన బోర్డునకు గడువు ఎప్పుడో తీరినది. ఏ భాగము సామాన్యముగా చెడదో దానికి దీర్ఘమైన హామీయు, ఏది చెడునో దానికి స్వల్పమైన హామీయు ఇచ్చుట ఎంత తెలివియో ఆనాడు మాకు తెలిసినది.

వెంటనే ఒప్పుకొనక, మా పేటలో ముప్పది యేండ్లుగా ఈ పని చేయుచున్న మెకానిక్కును పిలిచితిమి. ఆయన ఆ బోర్డును వెలుతురునకు పట్టి చూచి, "అమ్మగారూ, దీనిమీద జిగురు పోశారు. లోపలికి తేమ పోదు, అది మంచిదే. కాని నా సాల్డరింగు కడ్డీ కూడా పోదు. లోపల పాడైంది చిన్న భాగమే అయివుంటుంది, చేరుకునేదెట్లా?" అనెను. మార్గాంతరము లేక కంపెనీవారు చెప్పిన సొమ్మే చెల్లించితిమి. ఆ నెల పిల్లల పుస్తకముల పద్దు మరునెలకు జరిగినది.

వెనుకటి వాల్వు రేడియోల నెరిగినవారికి ఈ భేదము మరింత స్పష్టముగా తోచును. చాల సెట్లలో వెనుక అట్ట విప్పినచో, ఏ వాల్వు ఎక్కడ నుండవలెనో చూపు చీటి లోపలనే అంటించి యుండెడిది. వాల్వులు సాకెట్లలో గ్రుచ్చినవే గదా! పోయినదానిని పెరికి క్రొత్తది పెట్టిన సెట్టు మరల పలికెడిది. దానిని చేసినవాడు, 'ఇది ఒకనాడు చెడును, అప్పుడు ఒకరు దీనిని విప్పుదురు' అని తలంచియే చేసినాడు. నేటి యంత్రములను పెక్కింటిని చూచినచో, విప్పువాడు ఒకడు వచ్చునన్న తలంపే చేసినవారికి లేదేమో యనిపించును.

అయితే ప్రతి లోపమును తయారుచేసినవారి నెత్తిన రుద్దుటయు న్యాయము కాదు. మనకు తెలియకపోవుటవలన చెల్లించు సొమ్మును కొంత కలదు. మిక్సీ తిరుగుచు తిరుగుచు ఒక్కసారి ఆగినచో మోటారు కాలినదని భయపడుదుము. భారము ఎక్కువైనప్పుడు కరెంటును తెంచు రక్షణ స్విచ్చు చాల మిక్సీల అడుగుభాగమున ఉండును. అది సామాన్యముగా ఎఱ్ఱని బొత్తాము. ప్లగ్గు తీసి, కొంతసేపు చల్లారనిచ్చి, దానిని లోనికి నొక్కిన యంత్రము మరల తిరుగును. ఆ ఒక్క నొక్కుడునకై రెండు మూడు వందలు సమర్పించుకొన్న ఇండ్లు ఎన్నియో! మిక్సీలో మోటారునకు కరెంటు అందించు కార్బను బ్రష్షులు అరిగిపోవునవే. వాని వెల స్వల్పము. జారునకు మోటారునకు నడుమ నుండు కప్లరు, మోటారు బదులు తాను విరుగుటకే ఏర్పడినది. ఫ్యాను మెల్లగా తిరుగుచున్నచో వైండింగు పోయినదని ఎవరైన చెప్పినను ముందుగా కండెన్సరును మార్పించి చూడవలెను. చాల పైకప్పు ఫ్యానులలో ఉండునది 2.5 మైక్రోఫారడ్ల చిన్న డబ్బీ.

కరెంటును నీరును కూడ తమ వంతు చెఱుపు చేయును. మన ఇండ్లకు రావలసినది 230 వోల్టులు. అది బాగుగా తగ్గినప్పుడు రిఫ్రిజిరేటరు కంప్రెసరు ఎక్కువ కరెంటును లాగి వేడెక్కును. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు, లోపలి వాయుపీడనము సర్దుకొనకముందే మోటారు తిరుగబోయి ఇబ్బందిపడును. అందుచే మూడు నిమిషములు ఆగి వేయుట మేలు. గొట్టపుబావి నీరు కఠినజలమైనచోట గీజరు కడ్డీమీద సున్నపు పొర పేరుకొని, అది కాలిపోవుటకు హేతువగును. తొట్టి గీజర్లలో తుప్పును తాను భరించి తొట్టిని కాపాడు మెగ్నీషియం కడ్డీ యొకటి ఉండును. దానిని ఏటేట చూపించి, అరిగినచో మార్పించుకొన్నవారి గీజరు, అసలు దాని పేరే విననివారి గీజరుకంటె ఎక్కువ కాలము మన్నును.

ఇంత జాగ్రత్త తీసికొన్నను మన చేయి దాటినది మరియొకటి కలదు. వస్తువు త్వరగా చెడవలెనని కోరు వ్యాపారము లోకములో క్రొత్తది కాదు. 1924వ సంవత్సరము డిసెంబరులో జెనీవా నగరమున పేరొందిన విద్యుద్దీప నిర్మాతలు కూడి 'ఫీబస్' అను కూటమిగా ఏర్పడిరి. అంతవరకు 1,500 మొదలు 2,000 గంటలు వెలుగు బల్బులు ఉండగా, వాని ఆయువును 1,000 గంటలుగా నిర్ణయించిరి. అంతకంటె ఎక్కువ కాలము వెలుగు బల్బులను చేసిన సభ్యులపై జరిమానా విధించిరి. తీగెను మిక్కిలి వేడెక్కించిన వెలుతురు పెరుగును, ఆయువు తరుగునన్నది నిజమే. ఆ సమాధానమును వారు చెప్పకపోలేదు. కాని ఎక్కువ కాలము మన్నినదానికి జరిమానా వేసినవారి ఉద్దేశము వెలుతురు మాత్రమే యని నమ్ముట కష్టము. రెండవ ప్రపంచ యుద్ధముతో ఆ కూటమి చెదరినది. దాని బుద్ధి మాత్రము చెదరలేదు.

ఇప్పుడిప్పుడే ప్రభుత్వములు ఈ విషయముపై దృష్టి నిలుపుచున్నవి. ఫ్రాన్సు దేశమున 2021వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి కొన్ని వస్తువులపై, అవి ఎంత సులభముగా మరమ్మతు అగునో తెలుపు మార్కును పదింటికి ఇంతయని ప్రకటింపవలెనని నియమించిరి. 2024లో యూరోపియన్ యూనియన్ మరమ్మతు హక్కును గూర్చిన ఆదేశమును వెలువరించినది. మన దేశమున వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జులైలో ఇందుకై ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరు 24న మరమ్మతు హక్కు వెబ్‌సైటును ప్రారంభించినది. ఇవి శుభసూచనలే. కాని వెబ్‌సైటు ఉన్నంతమాత్రమున విడిభాగము మన చేతికి రాదు. పేటలోని మెకానిక్కునకు సర్క్యూటు పటము, న్యాయమైన ధరకు భాగములు దొరకిననాడే ఆ హక్కు ఇంటి గడప దాటి లోనికి వచ్చినట్లు.

అందాక మనము చేయదగినవి కొన్ని కలవు. బిల్లు లేక వస్తువును కొనరాదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము బిల్లు ఇయ్యకుండుటను అన్యాయ వ్యాపారముగా పరిగణించినది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పనిచో 30 దినములలో, వెనుకకు తీసికొన నిరాకరించుటయు అట్టిదే. మరమ్మతునకు వచ్చినవారు విప్పకముందే అంచనా వ్రాసి యిమ్మని అడుగవలెను. మార్చిన పాత భాగమును చూపుమనవలెను. ఫిర్యాదు సంఖ్యను, తేదీని ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. కంపెనీ ఫోను సంఖ్యకై ఇంటర్నెట్టులో వెదకి, కనబడిన మొదటి సంఖ్యకు ఫోను చేయరాదు. అట్లు చేసి మోసగాండ్ర వలలో చిక్కి బ్యాంకులోని సొమ్మును పోగొట్టుకొన్నవారు కలరు. గ్యారంటీ కార్డుమీది సంఖ్యయే శరణ్యము.

న్యాయము జరుగనప్పుడు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పుకొనవచ్చును. అప్పటికిని ఫలింపనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. చెల్లించిన వెల అయిదు లక్షల రూపాయలు మించని వస్తువునకు అక్కడ ఫిర్యాదు రుసుము లేదు. వివాద కారణము ఏర్పడిన రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. వకీలు లేకయే మన మాట మనమే చెప్పుకొనవచ్చును. ఒక మిక్సీకై కమిషనునకు పోవుటయా అని సంకోచింతుము. మన సంకోచము ఎంతకాలముండునో అంతకాలము ఎదుటివారి ధీమాయు ఉండును.

ఒక్క విషయములో మాత్రము పొదుపు పనికిరాదు. తాకినచో షాకు కొట్టు గీజరును, కాలిన వాసన వచ్చు వైరును అతుకులతో నెట్టుకొని రారాదు. ఎర్తు సరిగా ఉన్నదో లేదో పరీక్షింపజేసి, ప్రాణము మీదికి తెచ్చు యంత్రమును నిర్దాక్షిణ్యముగా ప్రక్కన పెట్టవలెను. అట్లు ప్రక్కన పెట్టినదానిని చెత్తకుప్పలో పారవేయరాదు. 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనలు వాని పునఃశుద్ధి బాధ్యతను తయారీదారులపై నుంచినవి. కావున వాటిని అధీకృత సేకరణ కేంద్రములకు చేర్చవలెను.

ఈ మరమ్మతుల విషయము డబ్బుతో ముగియునది కాదు. బాగుచేసికొనుట మానిన ఇల్లు క్రమముగా పారవేయుట నేర్చుకొనును. బాగుచేయువానికి పని లేనప్పుడు, చెవితో విని మోటారు రోగము చెప్పగల ఆ విద్య ఆయనతోనే ముగియును. మా పేట మెకానిక్కు కుమారుడు ఈ పని నేర్వలేదు. సరకులు చేరవేయు ఉద్యోగమునకు పోవుచున్నాడు. తండ్రి ఆయనను తప్పుపట్టుట లేదు. "తెరవలేని పెట్టెలు వచ్చినాక తెరిచేవాడితో పనేముంది?" అని మాత్రము అనుచుండును.

కావున శ్రోతలు ఇక మీదట దుకాణమునకు పోయినప్పుడు వెల, రంగు, నక్షత్రముల సంఖ్య అడిగిన పిదప మరి మూడు ప్రశ్నలు కూడ అడుగుదురు గాక: ఇది చెడినచో ఎవరు బాగుచేయుదురు? విడిభాగములు ఎన్ని సంవత్సరములు దొరకును? లోపలి బోర్డునకు హామీ ఎంత? ఒక్కరు అడిగిన అమ్మువాడు నవ్వి ఊరకుండును. పదిమంది అడిగిన తన పైవారి నడుగును. వేలమంది అడిగిననాడు, యంత్రమును చేయువాడు దానిని విప్పువాని గూర్చి కూడ ఆలోచింపక తప్పదు.