గర్భసంచి జారితే సిగ్గుపడి దాచుకోవద్దు
(శుక్రవారం మీటింగ్‌లో చెప్పిన మాటలు)

ఇది మొగుడూ పెళ్ళాల మధ్య విషయం కాబట్టి ఎవరం పైకి చెప్పుకోం. ఈరోజు చెప్పుకుందాం.

కువైట్ ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు చాలామంది పిల్లల్ని కన్నాక వచ్చినవాళ్ళే. కాన్పులతో పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు సాగుతాయి. ఆపైన బరువులు ఎత్తడం, తగ్గని దగ్గు, మలబద్ధకం తోడైతే గర్భసంచిగానీ మూత్రసంచిగానీ కిందికి జారవచ్చు. ముట్లు ఆగిన వయసులో ఇంకా ఎక్కువ. కింద ఉండలా తగులుతుంది, నడుము లాగుతుంది, దగ్గితే మూత్రం పడుతుంది. పొద్దున తేలిగ్గా ఉండి సాయంత్రానికి బరువెక్కుతుంది.

దీంతో భర్త దగ్గరికి వెళ్ళాలంటే భయం. నొప్పి పుడుతుందేమో, మూత్రం పడుతుందేమో, ఆయన అసహ్యించుకుంటాడేమో అని. రెండేళ్ళకోసారి దొరికిన సెలవంతా ఏదో సాకు చెప్పి పక్కకు తిరిగి పడుకుంటారు. అన్నలారా, సెలవులో ఇంటికెళ్తే భార్య దూరంగా ఉంటోందా? అనుమానపడకండి. "ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని మెల్లగా అడగండి.

ఇది అంటురోగం కాదు, క్యాన్సర్ కాదు. కలిసినంత మాత్రాన ముదరదు. పడుకుంటే జారినది చాలావరకు లోపలికి సర్దుకుంటుంది. ముందు మూత్రానికి వెళ్ళి రండి. నొప్పి పుడితే ఆపేయండి, బలవంతం వద్దు. పొడిబారి మంటగా ఉంటే డాక్టర్ జెల్లో క్రీమో రాస్తారు.

మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి, పది లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మొదట్లో నాలుగైదు అంకెలదాకా ఆపగలిగినా చాలు. కనీసం మూడు నెలలు విడవకుండా చేయాలి. తగ్గకపోతే లోపల పెట్టే రింగు ఉంది, తర్వాతే ఆపరేషన్.

గర్భసంచి తీయించుకున్నవాళ్ళు తెలుగు రాష్ట్రాల్లోనే బాగా ఎక్కువని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. తీసేసినా మిగతా భాగం జారే అవకాశం ఉంది. అందుకే ఎవరైనా "తీసేద్దాం" అంటే, "వేరే దారి లేదా డాక్టర్‌గారూ?" అని అడగండి.

సివిల్ ఐడీ తీసుకుని మీ ఏరియా క్లినిక్‌కు వెళ్ళండి. "అబీ దక్తూరా" అంటే లేడీ డాక్టర్ కావాలని. "హుబూత్ రహమ్" అంటే గర్భసంచి జారడం. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. రక్తం కనిపించినా, మూత్రం బిగుసుకుపోయినా సెలవు కోసం ఆగకండి, ఆరోజే వెళ్ళండి.

ఊళ్ళో అమ్మకు, అక్కకు, భార్యకు కూడా ఈ మెసేజ్ పంపండి.